ఐబుక్ జీ4లో లినక్స్ ఎక్కించాక క్వశ్చన్ మార్క్ ఫోల్డర్ వస్తుంటే ఏం చూడాలి

మీరు చెప్పింది ఇదీ: ఐబుక్ జీ4 (ఆపిల్ పాత ల్యాప్‌టాప్), డెబియన్ అనే లినక్స్ ఇన్‌స్టాల్ చివరిదాకా బానే వెళ్ళింది, రీస్టార్ట్ చేస్తే ఫోల్డర్ మీద క్వశ్చన్ మార్క్ మిణుకుమిణుకుమంటోంది, మళ్ళీ మొదట్నుంచి ఇన్‌స్టాల్ చేసినా అదే, పక్కనున్న మాక్ ఓఎస్ టెన్ మాత్రం పోకూడదు. పైగా లినక్స్‌ని లేపే బూట్‌లోడర్లలో యాబూట్ మంచిదా గ్రబ్ మంచిదా అని కూడా అడిగారు. ముందు ఒకటి చెప్తా, మూడోసారి ఇన్‌స్టాల్ మాత్రం చేయకండి, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే అవుతుంది. మీ లినక్స్ డిస్క్ మీద భద్రంగానే ఉంది, దాని దాకా వెళ్ళే దారి ఒక్కటే తెగింది. ఆ దారిలో ఫర్మ్‌వేర్, బూట్‌లోడర్, కెర్నల్ (లినక్స్‌కి గుండె లాంటి ఫైల్) అని మూడు మెట్లున్నాయి, ఎక్కడ ఆగిందో స్క్రీన్ చూసి పట్టుకుని ఆ ఒక్క మెట్టే బాగుచేసుకుంటే సరిపోద్ది.

కమాండ్లు తెలుగులో రాస్తున్నా గానీ టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్ అక్షరాలే, స్పెల్లింగ్ డౌట్ ఉంటే మాన్యువల్ పేజీ ఓసారి చూసుకోండి.

పీసీల్లో లాగా ఇక్కడ బయోస్ లేదు, మాస్టర్ బూట్ రికార్డ్ లేదు. పవర్‌పీసీ ప్రాసెసర్ ఉన్న ఈ పాత మాక్‌లో ఆన్ కాగానే మొదట నడిచేది ఓపెన్ ఫర్మ్‌వేర్, ఐఈఈఈ 1275 స్టాండర్డ్ ప్రకారం చేసింది, లోపల ఫోర్త్ భాష నడుస్తుంది. 1998 ఐమ్యాక్‌తో మొదలైన మెషిన్లని న్యూ వరల్డ్ అంటారు, మీ ఐబుక్ కూడా ఆ కోవలోదే. అది డిస్క్ మీద ఆపిల్ పార్టిషన్ మ్యాప్ చదువుతుంది, తర్వాత ఆపిల్ వాళ్ళ హెచ్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ ఉన్న పార్టిషన్ వెతుకుతుంది, అందులో బ్లెస్ చేసిన, అంటే బూట్ ఇక్కడినుంచే అని గుర్తు పెట్టిన, ఫోల్డర్ ఏదో చూసి, ఆ ఫోల్డర్‌లో టీబీఎక్స్ఐ అనే టైప్ ఉన్న ఫైల్‌ని ఎత్తుకుంటుంది. ఫైల్ పేరు ఏమైనా దానికి అనవసరం, టైప్ ముఖ్యం. లినక్స్ ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ట్4 గురించి దానికి ఓనమాలు కూడా తెలీదు. అందుకే లినక్స్ రూట్ పార్టిషన్ ఎంత బాగున్నా, ఈ చిన్న హెచ్ఎఫ్ఎస్ పార్టిషన్‌లో ఆ ఫైల్ కనబడకపోతే మీకు వచ్చేది క్వశ్చన్ మార్కే. అంటే మీ కేసు మొదటి మెట్టు మీదే ఆగింది, యాబూట్ దాకా కూడా రాలేదు, కాబట్టి యాబూట్ కాన్ఫిగ్ ఫైల్‌లో ఎన్ని మార్పులు చేసినా ఇప్పటికి దండగే.

మరి కనబడకపోవడానికి రెండే కారణాలు ఎక్కువగా చూస్తుంటాం. ఒకటి, ఎన్‌వీర్యామ్‌లో (సెట్టింగ్స్ గుర్తుంచుకునే చిన్న మెమరీ) ఉండే బూట్-డివైస్ అనే వేరియబుల్ వేరే పార్టిషన్‌ని చూపిస్తుంటుంది. రెండు, బూట్‌స్ట్రాప్ పార్టిషన్‌లో, అంటే పైన చెప్పిన ఆ చిన్న హెచ్ఎఫ్ఎస్ పార్టిషన్‌లో, ఫైల్స్ అసలు పడలేదు, లేదా పడ్డాయి గానీ టైప్ సెట్ కాలేదు, ఫోల్డర్ బ్లెస్ కాలేదు. ఏది అన్నది ఐదు నిమిషాల్లో తేలిపోద్ది. మెషిన్ ఆన్ చేసి స్టార్టప్ సౌండ్ రాగానే కమాండ్, ఆప్షన్, ఓ, ఎఫ్ నాలుగూ కలిపి పట్టుకోండి. తెల్ల స్క్రీన్ మీద సున్నా, పక్కన గ్రేటర్ దాన్ గుర్తు వస్తుంది, అదే ప్రాంప్ట్. అక్కడ

డిర్ హెచ్‌డీ:2,\

అని కొట్టండి. హెచ్‌డీ అంటే హార్డ్ డిస్క్‌కి ఉన్న మారుపేరు, 2 అంటే పార్టిషన్ నంబర్, ఆపిల్ మ్యాప్‌లో ఒకటో నంబర్ ఎప్పుడూ ఆ మ్యాప్‌దే కాబట్టి బూట్‌స్ట్రాప్ మామూలుగా రెండు అవుతుంది, మీకు మాక్ ఓఎస్ ముందునుంచీ ఉంది కాబట్టి వేరే నంబర్ కూడా కావొచ్చు. చివర్లో ఉన్నది బ్యాక్‌స్లాష్, మామూలు స్లాష్ కాదు, చాలామంది అక్కడే బోల్తా పడతారు. యాబూట్ సరిగ్గా పడి ఉంటే ఓఎఫ్‌బూట్.బీ, యాబూట్, యాబూట్.కాన్ఫ్ అని మూడు ఫైల్స్ కనబడాలి, టైప్ అనే కాలమ్‌లో ఓఎఫ్‌బూట్.బీ ఎదురుగా టీబీఎక్స్ఐ అని ఉండాలి. ఉంటే సంతోషం, వెంటనే

బూట్ హెచ్‌డీ:2,\\:టీబీఎక్స్ఐ

అని కొట్టండి, ఇక్కడ బ్యాక్‌స్లాష్‌లు రెండు, తర్వాత కోలన్. రెండు బ్యాక్‌స్లాష్‌లు అంటే బ్లెస్ చేసిన ఫోల్డర్‌లో చూడు అని, కోలన్ తర్వాతది టైప్. ఇది బూట్ అయిందంటే మీ సమస్య బూట్-డివైస్ ఒక్కటే, అదే ప్రాంప్ట్ దగ్గర సెట్ఎన్వ్ బూట్-డివైస్ అని రాసి పక్కన అదే దారి ఇస్తే సెట్ అయిపోద్ది, తర్వాత మాక్-బూట్ అంటే మామూలుగా స్టార్ట్ అవుతుంది. మాక్ ఓఎస్ టెన్‌లో సిస్టమ్ ప్రిఫరెన్సెస్‌కి వెళ్ళి స్టార్టప్ డిస్క్ మార్చినా ఈ వేరియబులే మారిపోతుంది, కాబట్టి లినక్స్ బాగా నడుస్తూ నడుస్తూ ఒకరోజు మాయమైందంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. కమాండ్ ఆప్షన్ పీ ఆర్ పట్టుకుని పీర్యామ్, అంటే ఆ సెట్టింగ్స్ మెమరీ, రీసెట్ చేసినా అంతే.

డిఫాల్ట్ క్యాచ్ అని పెద్దక్షరాల్లో ఏదో కోడ్‌తో వస్తే భయపడకండి, మీరిచ్చిన దారి దానికి నచ్చలేదని అర్థం, నంబర్ మార్చి మళ్ళీ ట్రై చేయండి. డిస్క్ పాడవ్వదు, చూడడం వల్ల ఏదీ చెరిగిపోదు.

ఫైల్స్ అసలు లేవనుకోండి, అప్పుడు రెస్క్యూలోకి వెళ్ళాలి. మీరు ఇన్‌స్టాల్‌కి వాడిన సీడీ పెట్టి సీ అక్షరం పట్టుకుని స్టార్ట్ చేయండి, రెస్క్యూ మోడ్ ఎంచుకుని షెల్‌కి రండి. ముందు మాక్-ఎఫ్‌డిస్క్ హైఫన్ ఎల్ కొట్టి పార్టిషన్ల లిస్ట్ తీయండి, ఆ లిస్ట్ కాగితం మీద రాసుకోండి కూడా. అందులో ఆపిల్_బూట్‌స్ట్రాప్ అనే టైప్ ఉన్న పార్టిషన్ ఉందా లేదా అన్నదే ముఖ్యం. లేకపోతే అదే మీ సమస్య, మాన్యువల్‌గా పార్టిషన్ చేసుకునేవాళ్ళు రూట్, స్వాప్ పెట్టేసుకుని దీన్ని మర్చిపోతారు, ఇన్‌స్టాలర్ ఇచ్చే వార్నింగ్ కూడా కంటిన్యూ కొట్టేసి దాటేస్తారు. ఖాళీ జాగా ఉంటే మాక్-ఎఫ్‌డిస్క్‌లో బీ కమాండ్‌తో 800 కేబీ బూట్‌స్ట్రాప్ పార్టిషన్ తయారవుతుంది, ఎక్కడ మొదలు అని అడిగినప్పుడు ఆ ఖాళీ జాగా నంబర్‌కి పీ తగిలించి ఇస్తే, ఉదాహరణకి 2పీ అంటే, ఆ పార్టిషన్ మొదలయ్యే చోటునుంచే తీసుకుంటుంది. డబ్ల్యూ కొడితేనే డిస్క్ మీద రాస్తుంది, అప్పటిదాకా అంతా మెమరీలోనే కాబట్టి డౌట్ ఉంటే క్యూ కొట్టి బయటకొచ్చేయండి. ఐ కమాండ్ జోలికి మాత్రం వెళ్ళొద్దు, అది మొత్తం మ్యాప్‌ని కొత్తగా రాసేస్తుంది, మాక్ ఓఎస్ గోవిందా.

వీలైతే ఈ బూట్‌స్ట్రాప్ మాక్ ఓఎస్ పార్టిషన్ కంటే ముందుండాలి. ఎన్‌వీర్యామ్ రీసెట్ అయినప్పుడు ఫర్మ్‌వేర్ ముందునుంచి వెతుక్కుంటూ వస్తుంది కాబట్టి ముందున్నదే గెలుస్తుంది. మీకు ముందు జాగా లేకపోతే వెనక పెట్టినా పనిచేస్తుంది, రీసెట్ అయినప్పుడల్లా మళ్ళీ బూట్-డివైస్ సెట్ చేసుకోవాల్సి వస్తుంది అంతే, దానికోసం మాక్ ఓఎస్‌ని కదిలించడం నేనైతే చేయను.

పార్టిషన్ ఉందనుకుందాం. ఇప్పుడు రూట్ పార్టిషన్‌ని ఎంఎన్‌టీ కింద మౌంట్ చేయండి, డెవ్, ప్రాక్, సిస్ మూడూ లోపలికి బైండ్ మౌంట్ చేయండి, సీహెచ్‌రూట్ కమాండ్‌తో డిస్క్ మీదున్న మీ లినక్స్ లోపలికి వెళ్ళండి. ప్రాక్ ఎందుకంటే, లినక్స్ డివైస్ పేరుని ఓపెన్ ఫర్మ్‌వేర్ దారిగా మార్చే ఓఎఫ్‌పాత్ అనే స్క్రిప్ట్ ప్రాక్ కింద ఉన్న డివైస్-ట్రీ చూసే పనిచేస్తుంది, అది మౌంట్ కాకపోతే ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటుంది. హెచ్ఎఫ్ఎస్‌యుటిల్స్ ప్యాకేజీ కూడా ఉందో లేదో చూడండి, ఫైల్ కాపీ చేసేది, టైప్ పెట్టేది, ఫోల్డర్ బ్లెస్ చేసేది అన్నీ ఆ ప్యాకేజీలోని టూల్సే.

ఇప్పుడు ఈటీసీలో ఉన్న యాబూట్.కాన్ఫ్ తెరవండి. డెబియన్ 8 లాంటి పాత రిలీజుల్లోనూ ఉబుంటు 16.04లోనూ ఉండేది ఇదే. అందులో బూట్ అనే లైన్, పార్టిషన్ అనే లైన్, రూట్ అనే లైన్ మూడూ వేరు వేరు, ఎక్కువ గొడవ ఈ మూడింటిని కలిపేసుకోవడం వల్లే. బూట్ అంటే ఆ చిన్న హెచ్ఎఫ్ఎస్ పార్టిషన్, ఉదాహరణకి ఎస్‌డీఏ2. పార్టిషన్ అంటే కెర్నల్ ఫైల్ ఎక్కడుందో ఆ పార్టిషన్ నంబర్, ఉత్త నంబర్ మాత్రమే, ఎస్‌డీఏ లాంటివి రాయకూడదు. రూట్ అంటే కెర్నల్ లేచాక మౌంట్ చేసుకోవాల్సిన రూట్ ఫైల్ సిస్టమ్, దీనికి యూయూఐడీ (ఆ పార్టిషన్‌కి మాత్రమే ఉండే గుర్తింపు నంబర్) ఇస్తే మంచిది. డివైస్ లైన్‌లో హెచ్‌డీ: అని పెట్టినా చాలు, లేదా ఓఎఫ్‌పాత్ ఇచ్చే పొడుగు దారి పెట్టొచ్చు, జీ4 ల్యాప్‌టాప్‌ల్లో /పీసీఐ@ఎఫ్4000000/ఏటీఏ-6@డీ/డిస్క్@0: లాంటిది వస్తుంది.

ఇమేజ్ లైన్ దగ్గర ఇంకో తిరకాసు ఉంది. ఆ దారి పార్టిషన్ లోపలినుంచి లెక్క. బూట్ డైరెక్టరీ రూట్‌లోనే ఉంటే /బూట్/వీఎంలినక్స్ అని రాయాలి, బూట్‌కి విడిగా పార్టిషన్ పెట్టుకుంటే /వీఎంలినక్స్ అని మాత్రమే రాయాలి, ఎందుకంటే యాబూట్ చూసేటప్పటికి అది ఎక్కడ మౌంట్ అవుతుందో ఎవరికీ తెలీదు. ఇనిట్‌ఆర్‌డీ (కెర్నల్‌తో పాటు మొదట మెమరీలోకి ఎక్కే డ్రైవర్ల ఫైల్) లైన్ కూడా అంతే. ఇంకా, పవర్‌పీసీలో కెర్నల్ ఫైల్ పేరు చివర ఎక్స్ ఉంటుంది, జెడ్ కాదు, పీసీ అలవాటుతో జెడ్ కొట్టి గంటలు గంటలు వెతికేవాళ్ళని చూస్తూనే ఉంటాను. పాత గైడ్లలో హెచ్‌డీఏ3 అని కనబడితే దాన్ని ఎస్‌డీఏ3 అని చదువుకోండి, కెర్నల్‌లో ఐడీఈ డ్రైవర్లు మారినప్పుడు పేర్లు కూడా మారాయి, ఆ గైడ్లు మాత్రం అలాగే ఉండిపోయాయి.

మాక్ ఓఎస్ కోసం మాక్ఓఎస్ఎక్స్ అనే లైన్ పెట్టి దాని పార్టిషన్ ఇవ్వండి, ఎనేబుల్‌సీడీబూట్ అని ఇంకో లైన్ కూడా పెట్టేసుకోండి, తర్వాత ఎప్పుడైనా ఆదుకుంటుంది. ఇవి పెడితే మెషిన్ ఆన్ అవ్వగానే చిన్న మెనూ వస్తుంది, ఎల్ నొక్కితే లినక్స్, ఎక్స్ నొక్కితే మాక్ ఓఎస్ టెన్, సీ నొక్కితే సీడీ. ఆ మెనూ ఎంతసేపుండాలో చెప్పేది డిలే, సెకన్లలో. తర్వాత వచ్చే యాబూట్ ప్రాంప్ట్‌కి టైమ్‌ఔట్, అది సెకన్లో పదో వంతుల్లో. టైమ్‌ఔట్ 5 అని పెట్టి అరసెకనులో వెళ్ళిపోతోందేంటి అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, 50 పెట్టండి.

అంతా రాశాక, కొత్తగా చేసిన బూట్‌స్ట్రాప్ అయితే ఎంకేఓఎఫ్‌బూట్ హైఫన్ వీ కొట్టండి, అది ఫార్మాట్ చేసి ఫైల్స్ పెట్టి ఎన్‌వీర్యామ్ కూడా సెట్ చేస్తుంది. ఫార్మాట్ అన్నా కదా, కాబట్టి బూట్ లైన్‌లో ఉన్న నంబర్ కాగితం మీద రాసుకున్న లిస్ట్‌తో ఒకసారి సరిచూసుకుని అప్పుడు అవును అనండి. ముందే ఫార్మాట్ అయి ఉన్న పార్టిషన్ అయితే వైబిన్ హైఫన్ వీ చాలు. తర్వాత తర్వాత కాన్ఫిగ్ ఫైల్‌లో ఏ ఒక్క అక్షరం మార్చినా వైబిన్ మళ్ళీ కొట్టాలి, ఎందుకంటే బూట్ అప్పుడు చదివేది ఈటీసీలో ఉన్న ఫైల్ కాదు, బూట్‌స్ట్రాప్‌లోకి కాపీ అయిన ఫైల్. కెర్నల్ అప్‌డేట్ అయినప్పుడు మాత్రం అక్కర్లేదు, ఎక్స్‌ట్3లో ఉన్న ఫైల్‌ని యాబూట్ తనే చదువుకుంటుంది, సిమ్‌లింక్ కొత్త కెర్నల్‌ని చూపిస్తే చాలు. ఈ యాబూట్ బూట్‌స్ట్రాప్‌ని మాత్రం ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (ఏది ఎక్కడ మౌంట్ అవ్వాలో చెప్పే ఫైల్) పెట్టి /బూట్ కింద మౌంట్ చేయకండి, పేరు చూసి అదే ఇదనుకుంటారు, దానికీ దీనికీ సంబంధం లేదు.

ఇక రెండో మెట్టు. యాబూట్ ప్రాంప్ట్ వచ్చింది, ఎంటర్ కొట్టారు, అన్‌ఏబుల్ టు ఓపెన్ ఫైల్ అని వచ్చింది. అప్పుడు తప్పు పార్టిషన్ నంబర్‌లోనో ఇమేజ్ దారిలోనో ఉంది. రెస్క్యూకి మళ్ళీ వెళ్ళకుండా అక్కడే చేతితో హెచ్‌డీ:3,/బూట్/వీఎంలినక్స్ అని పూర్తి దారి కొట్టి, పక్కన రూట్ ఏదో ఇచ్చి చూడొచ్చు, నంబర్ మార్చి మార్చి చూస్తే ఏది కరెక్టో దొరికిపోద్ది. ట్యాబ్ కొడితే లేబుల్స్ చూపిస్తుంది. క్లెయిమ్ ఎర్రర్ అని వస్తే మెమరీలో జాగా సరిపోలేదని, మామూలుగా ఇనిట్‌ఆర్‌డీ లావైపోయినప్పుడు వస్తుంది, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్.కాన్ఫ్‌లో మాడ్యూల్స్ అనే చోట మోస్ట్ తీసేసి డెప్ పెట్టి మళ్ళీ తయారుచేసుకుంటే మీ మెషిన్‌కి కావాల్సిన డ్రైవర్లే ఉండి సగానికి సగం చిక్కిపోతుంది.

మూడో మెట్టు, రిటర్నింగ్ ఫ్రమ్ ప్రామ్_ఇనిట్ అనే లైన్ దగ్గర స్క్రీన్ ఆగిపోవడం. ఇది చూసి బూట్‌లోడర్‌ని తిట్టుకోకండి, దాని పని అయిపోయింది, కెర్నల్ పగ్గాలు తీసుకుంది. జీ4 మీద 64 బిట్ కెర్నల్ పెట్టారేమో చూడండి, అది జీ5కి. అది కాకపోతే ఎక్కువసార్లు గ్రాఫిక్స్ గొడవే, కెర్నల్ లోపల నడుస్తూనే ఉంటుంది, మీకు కనబడదు. యాబూట్ ప్రాంప్ట్‌లో లేబుల్ పక్కన వీడియో=ఓఎఫ్ఓన్లీ అని గానీ నోమోడ్‌సెట్ అని గానీ ఇచ్చి చూడండి. పనిచేస్తే అపెండ్ లైన్‌లో శాశ్వతంగా పెట్టేయండి. రేడియాన్ ఉన్న ల్యాప్‌టాప్‌లకి డెస్క్‌టాప్ వచ్చాక హ్యాంగ్ అవుతుంటే రేడియాన్.ఏజీపీమోడ్=-1 పెడితే చాలావరకు కుదుటపడుతుంది.

ఇక గ్రబ్ మాట. డెబియన్ 8 తర్వాత 32 బిట్ పవర్‌పీసీ అఫీషియల్ లిస్ట్‌లోంచి వెళ్ళిపోయింది, ఇప్పుడు డెబియన్ పోర్ట్స్‌లో నడుస్తోంది, అక్కడి ఇన్‌స్టాలర్ గ్రబ్‌నే పెడుతుంది. యాబూట్‌ని పట్టించుకునేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు కాబట్టి కొత్తగా ఎక్కించేవాళ్ళకి గ్రబ్ అనే నేను చెప్తా, ఎక్స్‌ట్4, బీటీఆర్‌ఎఫ్ఎస్ చదువుతుంది, మెనూ అప్పటికప్పుడు ఎడిట్ చేసుకోవచ్చు. పాత రిలీజ్ మీద యాబూట్ బాగా నడుస్తుంటే మాత్రం దాన్ని పీకి గ్రబ్ పెట్టాల్సిన పనేం లేదు.

గ్రబ్‌లో కూడా ఫర్మ్‌వేర్ వెతికేది అదే, హెచ్ఎఫ్ఎస్, బ్లెస్, టీబీఎక్స్ఐ, ఏం మారలేదు. మారింది రెండు. ఒకటి, గ్రబ్ మాడ్యూల్స్ అన్నీ కలిపి 800 కేబీలో పట్టవు, కాబట్టి యాబూట్ కాలం నాటి చిన్న బూట్‌స్ట్రాప్ మీద ఎక్కించబోతే జాగా లేదని మధ్యలో ఆగిపోతుంది, మీ రెండు ఇన్‌స్టాల్స్‌లో ఇదే జరిగుండొచ్చని నా అనుమానం, ఇన్‌స్టాలర్ లాగ్‌లో చూడండి. పదుల ఎంబీలు ఇచ్చేయండి, ఈ రోజుల్లో అదో లెక్కా. రెండోది, ఇక్కడ బూట్‌స్ట్రాప్‌ని /బూట్/గ్రబ్ కింద మౌంట్ చేస్తారు, యాబూట్‌కి చెప్పినదానికి సరిగ్గా రివర్స్. అది మౌంట్ కాకుండా గ్రబ్-ఇన్‌స్టాల్ కొడితే ఫైల్స్ రూట్ పార్టిషన్‌లో పడతాయి, ఎర్రర్ రాకపోవచ్చు కూడా, బూట్ మాత్రం అవ్వదు. కాబట్టి కొట్టే ముందు మౌంట్ అని ఒకసారి చూసుకోండి, హెచ్ఎఫ్ఎస్ అని కనబడాలి, రీడ్ ఓన్లీగా ఉండకూడదు. మాక్ ఓఎస్‌కి వెళ్ళడానికి గ్రబ్ మెనూలో కుస్తీ పట్టకుండా స్టార్టప్‌లో ఆప్షన్ కీ పట్టుకుంటే డిస్క్‌ల బొమ్మలు వస్తాయి, అక్కడ ఎంచుకోవడమే హాయి.

మీ ఫ్రెండ్ దగ్గర ఉన్న బేజ్ జీ3 (ఆపిల్ పాత డెస్క్‌టాప్) గురించి కూడా అడిగారు కదా, దానికి పైన చెప్పిందేదీ వర్తించదు. అది ఓల్డ్ వరల్డ్, అంటే న్యూ వరల్డ్‌కి ముందు తరం, మాక్ రోమ్ (ROM) చిప్‌లోనే ఉంటుంది, ఫర్మ్‌వేర్ పాతది, బగ్స్ ఎక్కువ, యాబూట్ నడవదు. మాక్ ఓఎస్ 9 ఉంచుకోగలిగితే బూట్ఎక్స్ అనే లోడర్ వాడమనండి, సిస్టమ్ ఫోల్డర్ లోపల లినక్స్ కెర్నల్స్ అని ఫోల్డర్ పెట్టి కెర్నల్ అందులో వేస్తే మాక్ ఓఎస్ లేచే దారిలోనే లినక్స్‌కి మళ్ళించేస్తుంది. మాక్ ఓఎస్ టెన్ సొంత లోడర్ పేరు కూడా బూట్ఎక్సే, వెతికేటప్పుడు రెండూ కలిసి వస్తాయి, కంగారు పడొద్దు. మాక్ ఓఎస్ వద్దే వద్దంటే క్విక్ అనే బూట్‌లోడర్ ఒకటుంది, ఎక్స్‌ట్2 తప్ప ఏదీ చదవదు, ఓపిక బాగా ఉన్నవాళ్ళకే.

చివరగా ఒకటి, మీరు రాయలేదు గానీ వస్తుంది. లోపలి బ్యాటరీ చచ్చిన పాత మెషిన్లలో కరెంట్ తీసేసినప్పుడల్లా తేదీ దశాబ్దాల వెనక్కి పోతుంది, అప్పుడు ఫైల్ సిస్టమ్ చివరిసారి మౌంట్ అయిన టైమ్ భవిష్యత్తులో ఉందని, డిస్క్ తనిఖీ చేసే ఎఫ్ఎస్‌సీకే బూట్ మధ్యలో ఆపేస్తుంది. అది బూట్‌లోడర్ సమస్య కాదు. ఈటీసీలో ఈ2ఎఫ్ఎస్‌సీకే.కాన్ఫ్ ఫైల్‌లో ఆప్షన్స్ సెక్షన్ కింద బ్రోకెన్_సిస్టమ్_క్లాక్=1 అని పెట్టండి, ఊరుకుంటుంది.

ముందు ఆ డిర్ కమాండ్ కొట్టి ఏం వచ్చిందో ఫొటో పెట్టండి, మాక్-ఎఫ్‌డిస్క్ లిస్ట్ కూడా. ఏ రిలీజ్, యాబూట్ పడిందా గ్రబ్ పడిందా అది కూడా రాయండి, కరెక్ట్ కమాండ్ అక్షరం అక్షరం చెప్తాను.